మామగారి గోడ, ఆయన మీసం, నా డ్రిల్లు

ముప్పై నాలుగేళ్ల పాటు అమలాపురం చుట్టుపక్కల ఊళ్లలో గోడలకు బెజ్జాలు వేసి బతికాను. అడిగినవాళ్లకు ఎలక్ట్రీషియన్నని చెప్పుకునేవాణ్ని, అదీ అబద్ధం కాదు. కానీ వైరు కలపడం పావుగంట పని. ఆ వైరు చేరాల్సిన గీజరునో టీవీనో గోడ మీద నిలబెట్టడమే అసలు పని. ఈమధ్య భుజం ఒప్పుకోక మిషను దించేశాను. కొత్తగా పనిలోకి వస్తున్నవాళ్లు, ఇంట్లోకి ఒక డ్రిల్లు కొనుక్కుందామనుకునేవాళ్లు ఇప్పటికీ వచ్చి అడుగుతుంటారు, బాగా గట్టి గోడకు ఏ మిషను మంచిదండీ అని. ఆ జవాబు తెలుసుకోవడానికి నాకు పదేళ్లు పట్టింది. తెలిసిన జవాబును దాచుకోవడంలో మరో పదిహేనేళ్లు గడిచాయి. రెండూ చెబుతాను.

ముందు మా ఇంటి సంగతి. పాతికేళ్ల పాటు మా గోడలకు కంటికి కనిపించే బెజ్జం ఒక్కటి లేదు. క్యాలెండరు కిటికీ ఊచకు వేలాడేది. గడియారం ఫ్రిజ్ మీద కూర్చునేది. పెళ్లి ఫోటో బీరువా పైన గోడకు చేరగిలబడి ఉండేది. వచ్చినవాళ్లు అటూ ఇటూ చూసి, "ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటండి" అని నవ్వేవారు. నేనూ వాళ్లతో కలిసి నవ్వేవాణ్ని. కారణం చెప్పే వీలు నాకు లేదు.

గోడ పుట్టిన వైనం

మా ఇల్లు కట్టింది మా మామగారు వీరాస్వామి మేస్త్రీ. ముమ్మిడివరం వైపు తాపీ పట్టినవాళ్లలో ఆయన పేరు తెలియనివాళ్లు తక్కువ. పేరు తెలియకపోతే మీసం తెలుసు. రెండు వైపులా పైకి తిరిగి, పై పెదవిని పూర్తిగా కప్పేసి ఉండేది. పొద్దున్నే కొబ్బరినూనె ముందు మీసానికి, మిగిలింది తలకు. సిమెంటు కలిపేటప్పుడు ముఖానికి తువ్వాలు కట్టుకునేవారు. ఊపిరితిత్తుల కోసమని అందరూ అనుకునేవారు, నేను మాత్రం నమ్మలేదు.

మా స్థలం పల్లంలో ఉంది. వరద వస్తే నీళ్లు గుమ్మం దాకా వస్తాయి. అందుకని ఆయన బట్టీలో మంటకు దగ్గరగా ఉండి నల్లగా కాలిన ఇటుకలు ఏరి తెచ్చారు. వేలితో కొడితే కంచులా మోగేవి. అలాంటివి పునాదికి వాడతారు గానీ ఈయన గోడలన్నీ వాటితోనే లేపారు. ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్లు ఇసక చాలుననే చోట మూడు పాళ్లే కలిపారు. ఎందుకండీ ఇంత అంటే, "నా కూతురు కాపరం ఉండే కొంపండి, కక్కుర్తి పడకూడదు" అన్నారు. కట్టాక మూడు వారాలు గోడను బిడ్డకు పోసినట్టు నీళ్లు పోసి తడిపారు. వైర్లు పోయే గొట్టాలు కడుతున్నప్పుడే లోపల పెట్టేశాం కాబట్టి సరిపోయింది.

గృహప్రవేశం రోజు స్నేహితులు ఒక గడియారం తెచ్చారు. నలుగురిలో నా పనితనం చూపిద్దామని డ్రిల్లు తీశాను. పది నిమిషాలు నొక్కాను. ఇల్లంతా గోల, కాలిన వాసన. మిషనుకు బిగించిన బిట్టు కొస ఎర్రబడి ఊడిపోయింది. గోడ మీద దిష్టిచుక్కంత మచ్చ పడింది, అంతే.

మామగారు మీసం దువ్వుకుని, ఎంతో మర్యాదగా అన్నారు: "అల్లుడుగారూ, మీరు పని బాగా తెలిసినోరే. అయినా ఈ గోడలోకి మీ మిషను దిగిందంటే నా మీసం తీసేత్తానండి."

భోజనాల దగ్గర అందరూ విరగబడి నవ్వారు. అందరికన్నా ఎక్కువ నవ్వింది మా ఆవిడ నాగమణి, ఎప్పటిలాగే చేత్తో నోరు మూసుకుని. ఆమె పై పెదవి కాస్త లావు, మధ్యలో చిన్న నొక్కు. అలాంటి పెదవి పుట్టింట్లో ఎవరికీ లేదని చిన్నప్పుడు అందరూ "నిన్ను తవుడుకి కొన్నాం" అని ఏడిపించేవారట. ఆ అలవాటుకొద్దీ చెయ్యి అడ్డం పెట్టుకునేది.

సుబ్బరాజుగారి సగం పాఠాలు

నేను పని నేర్చుకున్నది సుబ్బరాజుగారనే షాపు యజమాని దగ్గర. ఆయన చెప్పినవాటిలో సగం బంగారం, సగం తప్పు. ఏది ఏదో విడదీసుకోవడానికే నాకు చాలా బిట్లు ఖర్చయ్యాయి.

బంగారం ఏమిటంటే శుభలేఖ. మన కోనసీమలో ఏ ఇంట్లోనైనా పాత శుభలేఖలకు కొదవ ఉండదు. ఒకటి మధ్యకు మడిచి, బెజ్జం వేసే చోటికి కింద టేపుతో సంచిలా అంటించమనేవారు. దుమ్ము ఇల్లంతా పడదు, ఇంటావిడ తిట్టదు. అంతకన్నా ముఖ్యం, ఆ దుమ్ము చూస్తే గోడ లోపల ఏముందో తెలుస్తుంది. తెల్లగా మెత్తగా రాలితే పాత సున్నం గోడ. ఎర్రగా వస్తే ఇటుక. బూడిద రంగులో పిండిలా వస్తే కాంక్రీటు, అంటే స్తంభమో కిటికీ పైన లింటెలో తగిలిందన్నమాట. మెరిసే ఇనుప రజను కనిపించి మిషను కీచుమంటే లోపల ఊచ ఉంది, మర్యాదగా రెండంగుళాలు పక్కకు జరగాలి. నేను ముప్పై నాలుగేళ్లూ శుభలేఖలు చదివాను గానీ లోపలి అక్షరాలు ఎప్పుడూ చదవలేదు.

తప్పు ఏమిటంటే నీళ్లు. బిట్టు వేడెక్కితే గబుక్కున చెంబులో ముంచమనేవారు. ఎర్రగా కాలిన కొసను చన్నీళ్లలో ముంచితే ఆ గట్టి మొనకు పగులు వస్తుంది, తర్వాతి గోడలో ఊడుతుంది. వేడెక్కితే బయటికి లాగి, దుమ్ము పోనిచ్చి, దానంతట దాన్ని చల్లారనివ్వండి. ఈలోగా ఎలాగూ ఎవరో ఒకరు కాఫీ తెస్తారు.

అడగందే అమ్మైనా పెట్టదు

ఐనవిల్లిలో ఒక పెద్దాయన ఇంట్లో గీజరు పెట్టడానికి వెళ్లాను. ఆయన ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "ఇక్కడ పైపు ఏమైనా పోతోందాండి?" అని ఒకసారి అడిగాను. "మీకు తెలీందేముందండి" అన్నారు. నేను మురిసిపోయి మిషను పెట్టాను. గోడలోంచి నీళ్లు సూటిగా వచ్చి ఆయన ముఖాన పడ్డాయి.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "పైపు అక్కడేనండి" అన్నారు.

"ముందే చెప్పకూడదాండి?"

"మీ పనికి అడ్డం వత్తే బాగోదు కదండీ."

కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. మేమిద్దరం పుట్టిన సీమ అలాంటిది. ఇక్కడ కాఫీ రెండుసార్లు వద్దని మూడోసారి తాగుతాం. నిజం కూడా అంతే, మొదటి రెండుసార్లు మొహమాటం చెబుతుంది, మూడోసారి మనిషి చెబుతాడు. ఆ రోజు నుంచి గోడ ముట్టుకునే ముందు పైపు గురించి, వైరు గురించి మూడేసి సార్లు అడిగాను. ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఇంకేం మరిచిపోయినా ఇది మరిచిపోవద్దు.

కువైట్ వెంకటలక్ష్మిగారి మిషను

ఇక అసలు జవాబు. అది నాకు చెప్పింది ఇంజనీరు కాదు, రాజోలు వైపు వెంకటలక్ష్మిగారనే ఆవిడ. కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి ఎనిమిదేళ్లు చేసి వచ్చారు. దుప్పట్ల మధ్య చుట్టి ఒక డ్రిల్లు తెచ్చుకున్నారు. కొత్త ఇంట్లో కర్టెన్ రాడ్ల కోసం నన్ను పిలిచారు. కిటికీల పైన అంతా కాంక్రీటే. నేను నా మిషను మీద ఒళ్లంతా మోపి తోస్తున్నాను. బిట్టు అంగుళంలో పావు వంతు కూడా దిగలేదు.

ఆవిడ కాసేపు చూసి, "ఏవండీ, గోడని తోసేత్తారా ఏంటండీ? ఇదిగోండి, దీంతో ఏయండి" అని పెట్టె తెచ్చారు. "అక్కడ కుర్రోళ్లు ఒక చేత్తో ఏసేసేవోరండి. పైన పడుకోకండి, దాని పని దాన్ని చేసుకోనీండి."

అది రోటరీ హ్యామర్. చూడటానికి నా దానికన్నా కొంచెమే పెద్దది. ఊరికే పట్టుకుని నిలబడ్డాను. వెన్నలోకి వేలు దిగినట్టు దిగింది. సిగ్గుతో, సంతోషంతో గట్టిగా నవ్వేశాను. ఆవిడా నవ్వారు. అవసరం లేకపోయినా ఇంకో రెండు బెజ్జాలు వేస్తానని బతిమాలాను.

తేడా ఇంతే. మామూలు డ్రిల్లు ఊరికే తిరుగుతుంది, చెక్కకూ రేకుకూ చాలు. ఇంపాక్ట్ డ్రిల్లు తిరుగుతూ తడుతుంది. లోపల రెండు పళ్ల చక్రాలు ఒకదాని మీద ఒకటి ఎగురుతాయి, ఆ దెబ్బ చిన్నది. మామూలు ఇటుక గోడకు అది మంచిదే. కాంక్రీటు దగ్గరికో నల్లగా కాలిన ఇటుక దగ్గరికో వచ్చేసరికి గోల పెరుగుతుంది, పని జరగదు. రోటరీ హ్యామర్‌లో గాలి ఒత్తిడితో ఒక సుత్తి బిట్టు వెనక నుంచి నిజంగా కొడుతుంది. దాని బిట్టు కూడా వేరు. తాళంచెవి తిప్పి బిగించేది కాదు, గాడిలో నెట్టితే టక్కున పట్టుకుంటుంది. ఇంటికి రెండు మూడు కిలోల బరువున్నది చాలు. గోడలు పడగొట్టే రకం కొనకండి. ఏడాదికి రెండు బెజ్జాలే అయితే అసలు కొనకండి, అద్దెకు తెచ్చుకోండి. కళ్లకు అద్దాలు మాత్రం సొంతంగా కొనుక్కోండి.

పొరుగింట్లోకి దారి

నేనూ ఒక రోటరీ హ్యామర్ కొన్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు ఎక్కడికి వెళ్లినా అదే తీసేవాణ్ని. కొత్తపేటలో ఒక పాత ఇంట్లో దేవుడి పటానికి చిన్న మేకు కావాలన్నారు. శుభలేఖ అంటించలేదు, గోడ తట్టి చూడలేదు. అది మట్టితో పేర్చిన పలచటి గోడ, రెండిళ్లకూ ఉమ్మడిది. మిషను నొక్కిన మరుక్షణం ఇటుకంత ముక్క అవతలికి పడిపోయింది. ఆ కన్నంలోంచి పోపు వాసన, ఆ వెనకే ఒక ఆడమనిషి ముఖం.

"ఆయ్, ఎవరండీ?" అన్నారావిడ.

"ఎలక్ట్రీషియన్నండి" అన్నాను, ఇంకేమనాలో తెలియక.

"కాఫీ తాగుతారాండి?"

వద్దన్నాను. మళ్లీ అడిగారు, వద్దన్నాను. మూడోసారికి కన్నంలోంచి గ్లాసు వచ్చింది. ఆ గోడ పూడ్చడానికి మామగారినే తీసుకెళ్లాల్సి వచ్చింది. ఆయన పని పూర్తి చేసి, బయటికి వచ్చాక మీసం చాటున నవ్వుతూ, "మా గోడల జోలికి రాలేక ఇలాంటోటి మీద పడ్డారాండి?" అన్నారు. మెత్తటి గోడకు మిషనులో సుత్తి దెబ్బ ఆపేసి, ఊరికే తిరగనిచ్చి, నెమ్మదిగా వేయాలి. గోడను బట్టి మిషను గానీ మన ముచ్చటను బట్టి కాదు.

బీరువా వెనక

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఒక మధ్యాహ్నం నాగమణి పెళ్లిపేరంటానికి వెళ్లిన సమయం చూసి, బీరువా ముందుకు జరిపి, దాని వెనక గోడకు హ్యామర్ పెట్టాను. ముందు సన్న బిట్టు, ఆ దారిలోనే లావు బిట్టు. మూడంగుళాలు దిగింది. బీరువా వెనక ఇరుకులో నిలబడి ఒక్కణ్నీ గెంతులేశాను.

గెంతులు అయ్యాక భయమేసింది. ఇప్పుడిది బయటపెడితే ఆయన మీసం పోతుంది. ఆయన మాట తప్పే మనిషి కాదు. అరవై దాటిన మామగారి మీసం తీయించిన అల్లుడిగా అమలాపురం బజారులో ఎలా తిరగడం? బెజ్జంలో లప్పం నింపి, పైన సున్నం రుద్ది, బీరువాను వెనక్కి తోసేశాను. గడియారం ఫ్రిజ్ మీదే ఉండిపోయింది. పదిహేనేళ్లు.

కడ్డీ

అత్తగారు పోయాక మామగారు మా ఇంట్లోనే ఉంటున్నారు. ఎనభై దాటాయి. పోయిన వానాకాలం పెరటి మెట్టు మీద జారారు. ఎముక విరగలేదు గానీ కాళ్లలో ధైర్యం పోయింది. వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయి ఒకటే మాట చెప్పింది. ఆయన గది నుంచి స్నానాలగది దాకా గోడకు నడుమెత్తున కడ్డీ బిగించాలి, అది పట్టుకుని ఆయన తనంతట తాను నడవాలి, మంచం మీదే ఉంటే ఇక లేవలేరు.

మనిషి పట్టుకుంటే నడవనన్నారు ఆయన. "నాలుగంతస్తుల పరంజా మీద నడిచినోణ్నండి, నన్నొకళ్లు పట్టుకోడమేంటండి" అన్నారు. కడ్డీ మాట ఎత్తితే, "ఆ గోడలోకి దిగదండి, వట్టి శ్రమ" అన్నారు. పది రోజులు మంచం దిగలేదు. పాదాలు వాచాయి. నాగమణి నవ్వడం మానేసింది. అరగంటలో అయిపోయే పని నా చేతిలో పెట్టుకుని నేను మీసం గురించి ఆలోచిస్తున్నాను. నా మీద నాకే అసహ్యం వేసి బీరువా వెనక సంగతి నాగమణికి చెప్పేశాను.

ఆమె తండ్రి గది వైపు చూసింది. "మీసం మళ్లీ మొలుత్తుందండీ. కాళ్లు మొలుత్తాయా?"

పొద్దున్న కాఫీ దగ్గర ఆయన్ను అడిగాను, బెజ్జాలు వేయమంటారా అని. "దిగదండి" అన్నారు. భోజనం అయ్యాక అడిగాను. "మీ భుజం బాలేదు కదండీ" అన్నారు. సాయంత్రం మంచం పక్కన కూర్చుని మూడోసారి అడిగాను. మంచం పక్క గోడను అరచేత్తో తడిమారు.

"బీరువా ఎనకాల ఏసిన మిషనేనాండి?" అన్నారు.

నేను లేచి నిలబడ్డాను.

"లప్పం బానే పెట్టేరు. పైన రుద్దిన సున్నమే వేరేది. మీరు బీరువా మార్చిన ఏడాది చూసేనండి. నా గోడ నాకు తెలీదాండి?"

"మరి అప్పుడే అనలేదేంటండి మావయ్యగారూ?"

"మీరు నా పరువు కాద్దామని ఊరుకున్నేరు. నాకు తెలుసని చెప్తే మీ మర్యాదేం కానండి? మీరు చెప్పలేదు, నేను తియ్యలేదు." మీసం మీద చెయ్యి వేసుకుని నవ్వారు. "రేపు ఏసేయండి."

మర్నాడు ఆయన్ను కుర్చీలో గోడ ఎదురుగా కూర్చోబెట్టాం. దారం కొట్టి గీత గీశాను. బిట్టుకు మూడంగుళాల దగ్గర టేపు చుట్టాను, లోతు తెలియడానికి. శుభలేఖ అంటించాను. మొదట సుత్తి దెబ్బ లేకుండా గుంట పడేదాకా తిప్పి, తర్వాత దెబ్బ కలిపాను. మధ్యమధ్య బయటికి లాగి దుమ్ము పోనిచ్చాను. ముందు బూడిద రంగు రాలింది, తర్వాత నలుపు కలిసిన ఎరుపు. ఆయన శుభలేఖ తన ఒళ్లో పెట్టించుకుని, దుమ్మును వేళ్ల మధ్య నలిపి చూశారు.

"ఇసక ఎంత తక్కువుందో చూసేరా?" అన్నారు, గెలిచినవాడిలా.

నిజానికి గెలిచింది ఆయనే. బెజ్జాల్లో దుమ్ము ఊది, బోల్టులు బిగించి, నేను నా ఎనభై రెండు కిలోలతో కడ్డీకి వేలాడాను. వెంట్రుకంత కదల్లేదు. ఒకటికి ఆరు కలిపిన గోడకైతే అంత నమ్మకంగా ఆయన్ను వదిలేవాణ్ని కాను. అదే చెప్పాను ఆయనకు. ఆయన తల తిప్పుకున్నారు, కళ్లు తడిశాయి. నాకూ తడిశాయి.

"ఎలాగూ మిషను బయటికొచ్చింది కదండీ" అంటూ నాగమణి వెనక నుంచి వచ్చింది. గడియారం, పెళ్లి ఫోటో, తాళాల కొక్కెం, కడ్డీ చివర స్నానాలగది పక్కన ఒక అద్దం. పాతికేళ్ల జాబితా. అన్నీ బిగించేసరికి భుజం ఊడి చేతిలోకి వచ్చిందనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే మంగలి వచ్చాడు. మామగారే కబురు పెట్టారు. వద్దండీ, ఊరికే అన్న మాట కదండీ అని నేను చేతులు పట్టుకున్నాను. "ఊరికే అన్లేదండి, నలుగురిలో అన్నేను" అని గడ్డం ఎత్తి కూర్చున్నారు.

నాగమణి కాఫీ గ్లాసుతో వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె తండ్రి పై పెదవి చూడటం అదే మొదలు. కాస్త లావు, మధ్యలో చిన్న నొక్కు. ఆమె నవ్వడం మొదలుపెట్టింది. ఒక చేతిలో గ్లాసు, రెండో చెయ్యి మామూలుగా నోటి దగ్గరికి వెళ్లి, సగంలో దిగిపోయింది.

"నాన్నా, నన్ను తవుడుకి కొన్లేదు" అంది.

"ఏంటమ్మా?"

"లేచి అద్దంలో చూసుకో నాన్నా."

ఆయన కడ్డీ అందుకున్నారు. ఒక్కో అడుగూ వేసుకుంటూ ఆ చివరిదాకా ఎవరినీ పట్టుకోకుండా వెళ్లారు. అద్దంలో తనను చూసుకున్నారు, వెనక నిలబడి నోటికి చెయ్యి అడ్డం లేకుండా నవ్వుతున్న కూతురిని చూశారు. "ఓర్నీ, నీ నోరేనే" అన్నారు.

ఆ గోడ పొడవు పదమూడు అడుగులు. ఆ రోజు సాయంత్రంలోగా ఆయన దాన్ని ఆరుసార్లు నడిచారు. స్నానాలగదికి వెళ్లింది రెండుసార్లే.